ఆ స్తంభాన్ని వైర్లే మోస్తున్నాయి

మల్కాజ్‌గిరిలో ఒక పాత కాలనీ. అక్కడ రెండు వరసల ఇళ్ల మధ్య ఒకప్పుడు సన్న గల్లీ ఉండేది. కాలక్రమంలో ఎవరి వైపు భాగాన్ని వాళ్లు పెరట్లో కలిపేసుకుని గోడలు కట్టుకున్నారు. ఆ గల్లీలో ఉన్న సిమెంటు కరెంటు స్తంభం అలా ఒకాయన పెరట్లోకి వచ్చింది. జూన్ మొదట్లో ఈదురు గాలికి మామిడి కొమ్మ విరిగి వైర్ల మీద పడింది. స్తంభం మోకాలి ఎత్తులో పగిలింది. లోపలి ఉక్కు తీగలు బయటపడ్డాయి. వెనకింటి డాబా వైపు ఒరిగింది. కరెంటు ఆఫీసు వాళ్లు కొత్త స్తంభం తెచ్చి వీధి మొదట్లో దింపి వెళ్లారు. ఇంటాయన గేటు తీయనన్నారు. ఆయనకూ వెనకింటామెకూ మధ్య వాదన ఇది. నేను ఆమె పక్షం, ఆ సంగతి దాచను. కానీ ఆయన మాటల్లో కొన్నింటికి నా దగ్గర కూడా జవాబు లేదు. వాటిని తీసేయకుండా అలాగే ఉంచాను.

ఇంటాయన: స్తంభం మార్చొద్దని నేను అనట్లేదమ్మా. ఇక్కడ పాతొద్దంటున్నా. పక్క వీధిలోకి జరపమని ఎన్నేళ్లుగా తిరుగుతున్నానో నీకు తెలుసు. ఎస్టిమేట్ వేశారు. జరపాలంటే అడిగినవాళ్లే ఖర్చు పెట్టుకోవాలన్నారు. ఎనిమిది ఇళ్లకు సర్వీసు వైర్లు పోయేది దీని మీద నుంచే కదా, మరి డబ్బు నేనొక్కణ్ణే ఎందుకు కట్టాలి?

వెనకింటామె: అది న్యాయమైన ప్రశ్నే బాబాయి గారూ. కానీ అది వచ్చే నెల తేల్చుకోవచ్చు. స్తంభం వచ్చే నెల దాకా ఆగేలా లేదు.

ఇంటాయన: ఇదిగో, ఈ మాటే నాకు భయం. ముందు పాతేద్దాం, తర్వాత చూద్దాం. ఒకసారి కొత్త స్తంభం ఇక్కడ దిగిందంటే ఇంకో నలభై ఏళ్లు ఇక్కడే ఉంటుంది. బాగున్న స్తంభాన్ని జరపమంటే ఏ ఆఫీసరు వింటాడు? ఇన్నేళ్లలో నా మాట వినాల్సిన అవసరం వాళ్లకు వచ్చింది ఇప్పుడే, అది కూడా ఈ స్తంభం విరిగింది కాబట్టి. ఈ గేటు తీస్తే నా చేతిలో ఇంకేం మిగలదు. రెండేళ్ల కింద ఇల్లు అమ్ముదామనుకున్నాం. వచ్చినవాళ్లు ముందు గదులన్నీ చూసి బాగుందన్నారు. పెరట్లోకి రాగానే వైర్లు చూసి మాట మార్చేశారు. ఆ నష్టం నాది. కాలనీలో ఒక్కరైనా అయ్యో అన్నారా?

వెనకింటామె: అనలేదు. నేనూ అనలేదు.

ఇంటాయన: పక్క వరసలో స్తంభం మార్చినప్పుడు ఏం జరిగిందో చూశావుగా. పాతదాన్ని అడుగున కోసి మొద్దు అక్కడే వదిలేశారు. గోడ పగలగొట్టిన చోట ఇప్పటికీ రేకు అడ్డం పెట్టుకున్నారు పాపం. నా పెరట్లో సంపు ఉంది, బోరు పైపు ఉంది, మీ పిన్ని పెంచుకున్న కరివేపాకు చెట్టుంది. వీటన్నిటికీ ఎవరు పూచీ? అయినా నేనేం చేతులు కట్టుకుని కూర్చోలేదు. పగులు మీద సిమెంటు పూయించా. తాడు కట్టి గోడకు బిగించా. మూడు వారాలుగా నిలబడే ఉంది కదా.

వెనకింటామె: అది తన బలంతో నిలబడి లేదు బాబాయి గారూ. వైర్లు పట్టుకుంటే నిలబడింది. స్తంభం వైర్లను మోయాలి. ఇప్పుడు ఆ స్తంభాన్ని వైర్లే మోస్తున్నాయి.

మా నాన్న లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు, మీకు తెలుసు. ఈ స్తంభాలు ఎలా పోస్తారో చిన్నప్పుడు నాకు చెప్పేవారు. లోపలి ఉక్కు తీగల్ని ముందు గట్టిగా లాగి పట్టి, ఆ బిగువు మీదే కాంక్రీటు పోస్తారు. గట్టిపడ్డాక తీగల్ని వదిలితే అవి కాంక్రీటును లోపలి నుంచి నొక్కి పడతాయి. ఆ నొక్కుడే దాని బలం. పగులు తీగల దాకా పోయిందంటే ఆ చోట బలం పోయినట్టే. నీళ్లు దిగుతాయి, తీగలు తుప్పు పడతాయి, తుప్పు ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును ఇంకా పగలగొడుతుంది. మీరు పైన పూయించిన సిమెంటు పగులును కళ్లకు కనపడకుండా చేసింది, అంతే. లోపల జరిగేది ఆగలేదు.

ఇంకో మాట. మొన్న రాత్రి పన్నెండు గంటలకు మన లైన్లో ఒక ఫేజు పోయింది. మీ ఇంట్లో, మా ఇంట్లో ఫ్యాన్లు ఆగాయి. నలుగురం ఫోన్లు చేశాం. ఒక అబ్బాయి వచ్చాడు, ఇరవై అయిదేళ్లుంటాయేమో. వానలో టార్చి నోట్లో పెట్టుకుని ఈ స్తంభానికే నిచ్చెన ఆనించబోయాడు. డాబా మీద నుంచి నేను అరిచి ఆపాను. మీ సిమెంటు పూత వల్ల చీకట్లో అతనికి పగులు కనపడలేదు. పాడైన స్తంభం మీద వైరు విప్పడం కంటే ప్రమాదమైన పని లేదని నాన్న అనేవారు. రెండు పక్కల వైర్లు సమానంగా లాగుతున్నంతసేపు అది నిలుస్తుంది. ఒక పక్క విప్పగానే రెండో పక్క లాగుడంతా స్తంభం మొదలు మీద పడుతుంది. స్తంభం మనిషితో సహా పడుతుంది. నడుముకు కట్టుకున్న బెల్టు అతన్ని స్తంభానికే కట్టేసి ఉంచుతుంది, దూకడానికి కూడా ఉండదు. నాన్నతో పనిచేసిన ఒకాయన అలాగే పోయారు. వాళ్లింటికి నాన్న నన్ను తీసుకెళ్లారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మీ హక్కు గురించి మీరు మాట్లాడండి, నేను వింటాను. కానీ ఆ హక్కు కోసం మీరు పణంగా పెడుతున్నది మీ ప్రాణం కాదు, నా ప్రాణం కూడా కాదు. ఈసారి ఫోన్ చేస్తే ఎవరొస్తారో, ఆ పిల్లవాడిది.

ఇంటాయన: (కాసేపటి తర్వాత) ఆ రాత్రి సంగతి నాకెవరూ చెప్పలేదు.

వెనకింటామె: మీరు పడుకున్నారు. తెల్లారి చెబుదామని వస్తే గేటు దగ్గరే గొడవైంది కదా.

ఇంటాయన: సరే. మరి నేనూ ఒకటి అడుగుతా, తప్పుగా అనుకోకు. కొమ్మ ఎవరి చెట్టుది?

వెనకింటామె: మాదే.

ఇంటాయన: రెండు వేసవుల నుంచి చెబుతూనే ఉన్నా. వైర్లలోకి పోతోందమ్మా, కొట్టించమ్మా అని. కాయలు దిగాక అన్నావు. కాయలు దిగాయి, మళ్లీ పూత వచ్చింది. ఆ కొమ్మ ముందే కొట్టించి ఉంటే ఈ రోజు ఈ మాటలే లేవు. ఇప్పుడు వచ్చి నాకు ప్రాణాల విలువ చెబుతున్నావు.

వెనకింటామె: తప్పు నాదే. అది మా నాన్న నాటిన చెట్టు. కొట్టించడానికి చేతులు రాలేదు. దానికి సాకు చెప్పను. కానీ మీ పెరటి గోడ సంగతి కూడా అనాలి మరి. ఆ స్తంభం మీ స్థలంలోకి రాలేదు, మీ స్థలమే దాని దగ్గరకు వెళ్లింది.

ఇంటాయన: నాదొక్కడిదేనా? నువ్వు కలుపుకోలేదూ? మీ బాత్రూం ఉన్నది ఎక్కడ? ఆ గల్లీ మీదే కదా. కొలుద్దామంటే టేపు తెస్తా.

వెనకింటామె: టేపు అక్కర్లేదు, మా నాన్న కట్టించిందే. కానీ మీరు వేసిన పైగది? ఇంటి గోడకూ ఈ లైనుకూ మధ్య అడ్డంగా 1.2 మీటర్లు ఖాళీ ఉండాలని నియమం. మీ కిటికీలోంచి చెయ్యి చాపితే వైరు అందుతుంది.

ఇంటాయన: ఆ గది అబ్బాయి కోసం వేశా. వాడు ఎలాగూ రాలేదు. ఆ సంగతి నువ్వు ఎత్తకు.

వెనకింటామె: ఎత్తను. క్షమించండి. అది అనాల్సిన మాట కాదు.

(ఈ గోడల గొడవ ఇంకా చాలాసేపు నడిచింది. అంతా రాయడం అనవసరం. ఇద్దరూ గల్లీని కలుపుకున్నారు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.)

ఇంటాయన: అయినా వైరు తెగి పడితే ఫ్యూజు కొట్టేస్తుంది కదా. కరెంటు పోతుంది, వాళ్లొచ్చి బాగు చేస్తారు. నువ్వు మరీ టెన్షన్ పడుతున్నావు.

వెనకింటామె: ప్రతిసారీ కొట్టేయదు. వైరు నేరుగా ఇంకో వైరును తాకితే పెద్ద కరెంటు పారి ఫ్యూజు కాలిపోతుంది. నేల మీదో గోడ మీదో పడితే అంత కరెంటు పారదు. ఫ్యూజుకు అది మామూలు వాడకంలాగే అనిపిస్తుంది. తెగిన వైరు చచ్చిన పాములా పడి ఉంటుంది, కానీ దానిలో ప్రాణం ఉంటుంది. తడి నేల మీదైతే పక్కన నడిచినా ప్రమాదమే. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. మనకు ఎంత దూరం అది? అప్పుడు నాలుగు రోజులు అందరం మాట్లాడుకున్నాం. ఇంకోటి, అనొచ్చో లేదో. పిన్ని బట్టలారేసే ఇనుప తీగ ఒక కొస ఈ స్తంభానికే కట్టి ఉంది.

ఇంటాయన: లేదు. నిన్న పొద్దున్నే విప్పేశా.

వెనకింటామె: విప్పేశారా? మంచి పని చేశారు.

ఇంటాయన: నాకు తెలివి లేదనుకోకు. భయం లేదని కూడా అనుకోకు. నాకు కోపం, అంతే. చట్టం నేనూ చదివా. లైసెన్సీల పనుల మీద, అంటే కరెంటు సంస్థల పనుల మీద, 2006లో రూల్స్ వచ్చాయి. స్థలం యజమాని అభ్యంతరం చెబితే జిల్లా మెజిస్ట్రేటు దగ్గరో పోలీసు కమిషనరు దగ్గరో రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలని అందులో ఉంది. తెచ్చుకోమను. నన్ను ఒక్కసారైనా కూర్చోబెట్టి మాట్లాడితే కదా!

వెనకింటామె: అనుమతి తెస్తారు, తెచ్చేసరికి సగం వానాకాలం అయిపోతుంది. ఆ అయిదారు వారాల్లో ఎన్ని గాలులు వస్తాయో మీరూ నేనూ ఆపలేం. చట్టం సంగతి వచ్చింది కాబట్టి, 2003 విద్యుత్ చట్టం 67వ సెక్షన్ కూడా చూడండి. పనిలో ఎవరికి నష్టం జరిగినా, ఇబ్బంది కలిగినా పూర్తి పరిహారం ఇవ్వాలని ఉంది. మీ గోడ, మీ బండలు, మీ పైపు ముందే ఫోటోలు తీసి, కాగితం మీద రాసి, ఇంజినీరు సంతకం తీసుకుందాం. పాత స్తంభం మొదలంటా తీసుకుపోవాలని కూడా అందులోనే రాద్దాం. రాయకపోతే మొద్దు వదిలేస్తారన్న మీ అనుమానం నిజమే.

ఇంటాయన: రాసిస్తారా వాళ్లు?

వెనకింటామె: ఒక్క ఇల్లు అడిగితే ఇవ్వకపోవచ్చు. ఎనిమిది ఇళ్ల వాళ్లం వెళ్లి అడుగుదాం. రెండో కాగితం కూడా అప్పుడే ఇద్దాం. పక్క వీధిలోకి లైను జరపాలని, ఎస్టిమేట్ డబ్బు ఎనిమిది ఇళ్లు పంచుకుంటాయని. నా వాటా మీద మొదటి సంతకం నాది. ఇది నేను గేటు తీయించడానికి చెప్పే మాట కాదు, ముందు ఆ కాగితం రాసి మీ చేతికిస్తాను.

ఇంటాయన: ఆ వీధి పన్నెండు అడుగులే. రెండు పక్కలా బాల్కనీలు. ఇందాక నువ్వు చెప్పిన మీటరుంపావు అక్కడ ఎక్కడ దొరుకుతుంది?

వెనకింటామె: తొడుగు లేని వైర్లకు దొరకదు. ఏబీ కేబుల్ అడగాలి. తొడుగున్న వైర్లన్నీ కలిపి పేనినట్టుంటుంది, చాలా కాలనీల్లో వేశారు. నిజానికి ఇక్కడ కూడా ఇప్పుడే అది అడుగుదాం. కొమ్మ తగిలినంత మాత్రాన మంటలు రావు. ఎలాగూ నేను ఆ చెట్టు కొమ్మలు కొట్టిస్తున్నాను. శనివారానికి మనిషిని మాట్లాడాను.

ఇంటాయన: మొత్తం కొట్టించకు. వైర్ల వైపువి చాలు.

వెనకింటామె: అలాగే.

ఇంటాయన: ఒకవేళ జరపలేదనుకో. రెండో కాగితం ఆఫీసులో పడి ఉంది, అయిదేళ్లు గడిచాయి, మీ ఎనిమిది మందిలో నలుగురు ఇళ్లు అమ్ముకుని వెళ్లిపోయారు. అప్పుడు?

వెనకింటామె: అప్పుడు మీరు నష్టపోతారు బాబాయి గారూ. దానికి నా దగ్గర హామీ లేదు. మీతో పాటు తిరుగుతానని మాత్రం అనగలను.

ఇంటాయన: ఆ మాటైనా నిజం చెప్పావు. (ఆగి) గుంట ఎంత లోతు తీస్తారు?

వెనకింటామె: ఎనిమిది మీటర్ల స్తంభం. పొడవులో ఆరో వంతు భూమిలో ఉండాలి. నాలుగున్నర అడుగులన్నా తవ్వుతారు. పాతదాని పక్కనే కొత్తది నిలబెట్టి, వైర్లు దాని మీదకు మార్చి, ఆ తర్వాత పాతది తీస్తారు. వైర్లు విప్పేటప్పుడు పాతదాన్ని నాలుగు వైపులా తాళ్లతో పట్టాలి. ఆ రోజంతా కరెంటు ఉండదు. ఎవరూ జనరేటరు వేయకూడదు, వెనక్కి లైన్లోకి కరెంటు పోతే పైనున్న మనిషికి ప్రమాదం. ఎనిమిది ఇళ్లకూ నేనే వెళ్లి చెబుతాను.

ఇంటాయన: పక్కనే అంటే ఏ పక్క?

వెనకింటామె: కరివేపాకు చెట్టు వైపు అనుకున్నారట.

ఇంటాయన: ఆ వైపు కాదు. ఆ వైపు సంపు పైపు పోతుంది, రెండడుగుల కింద. గునపం దింపారంటే పగిలిపోతుంది. కాగితాలు రేపు పట్టుకురా, చదివి చెబుతా. ఒప్పుకున్నానని కాలనీలో చెప్పకు. పైపు ఎక్కడుందో మాత్రం నేనే సున్నంతో గీత గీసి ఉంచుతా.