నామినీ కాలమ్ గారికి ఒక రిటైర్డ్ గుమాస్తా ఉత్తరం

మహారాజశ్రీ నామినీ కాలమ్ గారికి, వనస్థలిపురం నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని పాస్‌బుక్కు మొదటి పేజీలో ‘నామినేషన్ రిజిస్టర్డ్’ అన్న ముద్ర చూసి ముప్పై ఎనిమిదేళ్లుగా సంతోషిస్తున్నాం.

మొన్న నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇద్దామని బ్యాంకుకెళ్లా, అదే, ఏటా మొహం చూపించి నేనింకా పోలేదని ఒప్పించే కార్యక్రమం. పనిలో పనిగా నామినీ ఎవరున్నారో చూడమ్మా అంటే కౌంటర్లో అమ్మాయి స్క్రీన్ ఇటు తిప్పింది. మా అమ్మ పేరు! అమ్మ పోయింది 2009లో. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1987లో, పెళ్లి కాకముందు ఫారం నింపా, ఆ తర్వాత పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇల్లు కట్టాం, గుండెకి స్టెంట్ వేశారు, మీ గడిలో మాత్రం అమ్మ కదల్లేదు. రేపు నేను పోతే ఆవిడ పైనుంచి దిగొచ్చి కేవైసీ చేయించుకోవాలన్నమాట. పాపం ఆధార్ కూడా లేదు, అది రాకముందే వెళ్లిపోయింది. నేను బతికున్నానా అని ఏటా అడుగుతారు గానీ నామినీ బతికుందా అని ఒక్కసారైనా అడిగారా సార్?

సరే, పేరు మార్చి మా ఆవిడని రాసి, ఇక అంతా ఆవిడదే అని వాకింగ్ బ్యాచ్‌లో గొప్పలు చెప్తుంటే రిటైర్డ్ వకీలు గారు ఆగి మరీ నవ్వారు. నామినీ అంటే ఓనరు కాదయ్యా, డబ్బు తీసుకుని వారసులకి అప్పజెప్పే మనిషి, అంతే అన్నారు. బ్యాంకు డబ్బు గురించి 2010లో, షేర్ల గురించి 2023లో సుప్రీంకోర్టు చెప్పేసిందట. వీలునామా రాయకుండా నేను పోతే నా కష్టార్జితం మా ఆవిడకి, అబ్బాయికి, అమ్మాయికి తలా ఒక వాటా. అంటే మిమ్మల్ని ఇన్నాళ్లూ ఇంటి ఓనరనుకున్నాం, తీరా చూస్తే వాచ్‌మన్! పైగా 2025 నవంబర్ నుంచి డిపాజిట్‌కి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చట, ఎవరికెంత పర్సెంటో కూడా రాయొచ్చట. నలుగురు వాచ్‌మన్లు, శుభం.

మరి వీలునామాకి ఏం కావాలండీ అంటే తెల్లకాగితం, నా సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు అన్నారు. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే మంచిదే. ఇంత తేలికని తెలీక పదేళ్లుగా దసరా అయ్యాక, సంక్రాంతి అయ్యాక అని వాయిదా వేస్తూ వచ్చా. సాక్షి సంతకం పెట్టవోయ్ అని పక్కింటాయన్ని అడిగితే టీ కప్పు కింద పెట్టేసి “రిపోర్టులు బాలేవా అన్నా?” అన్నాడు. మా ఆవిడైతే “మంగళవారం పూట ఆ మాటలేంటండీ” అని దేవుడి గదిలోకి పోయింది.

బుధవారం కూర్చోబెట్టి అన్నీ విప్పి చెప్పా, చచ్చిపోయిన నామినీ కథతో సహా. మొత్తం విని ఏమీ అనలేదు. వంటింట్లోకెళ్లి పప్పుల డబ్బా వెనకనుంచి చీరల షాపు కవరొకటి తెచ్చి నా ముందు పెట్టింది. పోస్టాఫీసు ఆర్డీ పుస్తకం. ఇన్నేళ్ల కాపురంలో రహస్యం అది, నేనెప్పుడూ చూళ్లేదు.

నామినీ ఎవరని అడిగా.

“మా తమ్ముడు” అంది, కొంచెం కూడా తడుముకోకుండా.

సోమవారం ఇద్దరం పోస్టాఫీసుకి వస్తున్నాం. మీ గడి కొంచెం ఖాళీ చేసి ఉంచగలరు.

ఇట్లు,
తమ విధేయుడు, ప్రస్తుతానికి జీవించే ఉన్నవాడు (సర్టిఫికెట్ ఉంది)