కువైట్ పోయినోళ్ళంటే అంత చులకనేంది?

ఇందాక ఉదయగిరిలో పెళ్ళి భోజనాల కాడ ఒకావిడ మా పెద్దమ్మని పట్టుకుని నలుగురి ముందర "నువ్వు కువైట్లో కల్లివల్లిగా ఉండి సంపాదించుకున్నదానివే గదా" అనేసింది. కల్లివల్లి అంటే అక్కడ కాగితాల్లేకుండా ఉండిపోయిన మనిషని. పెద్దమ్మ సాంబారన్నం కలుపుతా ఉన్న చెయ్యి అట్నే ఆపేసి విస్తరి మడిచి లేచిపోయింది. నాకు ఇంకా ఒళ్ళు మండతానే ఉంది.

ఖద్దామా వీసా, అంటే ఇంటిపని వీసా మీద పోయిన మనిషి పాస్‌పోర్టు యాడుంటది? కఫీల్, అదే పనిలో పెట్టుకున్న యజమాని బీరువాలో. నెలల తరబడి జీతం ఇయ్యకుండా అర్ధరాత్రి దాకా చాకిరీ చేయించుకుంటే తట్టుకోలేక పెద్దమ్మ ఆ ఇంట్లోంచి బయటపడింది, వాడు పోయి పారిపోయిందని కేసు పెట్టాడు, అంతే, అకామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి కాగితం, పాయె. కఫాలా పద్ధతే అంత, ఆ దేశంలో ఉండే హక్కంతా ఒక్క యజమాని చేతిలో పెట్టేశారు. 2018లో, 2020లో, మళ్ళీ 2024లో జరిమానా లేకుండా ఇళ్ళకి పొమ్మని కువైటోళ్ళే క్షమాభిక్ష ఇచ్చారు. అన్నిసార్లు ఇయ్యాల్సి వచ్చిందంటే తప్పు పనోళ్ళదా, ఆ పద్ధతిదా?

ఆ మాటన్నావిడ మేనల్లుడు అమెరికాలో వీసా స్టేటస్ పోయి పెట్రోల్ బంకులో చేస్తన్నాడు, అతన్ని మాత్రం సెటిలయ్యాడంటారు. అతన్నీ నేను తప్పు పట్టను. అక్కడా ఈ కాగితాల గోలంతా చట్టాలు చేసిందే. ఒకప్పుడు యూరప్ నించి లక్షల మంది వీసా లేకుండానే ఓడలు దిగారు, 1882లో చైనా కూలీల్ని ఆపారు, 1924లో కోటాలు పెట్టి దాదాపు ఆసియా వాళ్ళందరికీ తలుపులేశారు, దొంగచాటుగా సరిహద్దు దాటితే నేరమన్నది 1929లో. 1986లో అమెరికా అధ్యక్షుడు రీగన్ చట్టం మీద సంతకం పెడితే దాదాపు 27 లక్షల మందికి కాగితాలొచ్చాయి. 2025 ఫిబ్రవరిలో అమెరికా వాళ్ళు కాగితాల్లేని మనోళ్ళు 104 మందిని సంకెళ్ళేసి అమృత్‌సర్‌లో దించితే ఊరంతా అయ్యో అనింది, మరి మా పెద్దమ్మకి ఆ అయ్యో ఏది?

అమ్మమ్మ పోయినప్పుడు పెద్దమ్మ కువైట్ నించి రాలేకపోయింది. ఫోన్లో చూపిస్తా ఉంటే "ఇంకొంచెం దగ్గరగా పెట్టు నాయనా" అని అడగతానే ఉంది.

అసలు నా కడుపుమంట పెద్దమ్మని కువైట్ పంపిన ఆ ఏజెంటు మీద. మన దేశంలో 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపడం నేరం, అయినా దర్జాగా పంపాడు, సాయం చెయ్యమని మా అన్న పోతే "ఆమె పారిపోతే నేనేం చేసేది" అన్నాడు. 30 ఏళ్ళు నిండని ఆడోళ్ళని గల్ఫ్‌కి ఇంటిపనికి పంపగూడదని రూలుంటే, ఇప్పుడు మా వీధిలోనే ఇరవై నాలుగేళ్ళ పిల్ల పాస్‌పోర్టు తీసుకున్నాడంట. రేప్పొద్దున్నే పోయి ఆ పిల్ల వాళ్ళమ్మతో మాట్లాడతా, పెద్దమ్మని కూడా తీసుకునే పోతా.