సవరణ: లాండావ్ సూచిక 0.5 దాటితే సరిపోదు

ఒక గుంపులోని జంతువుల్లో ఏది దేనిపై ఎన్నిసార్లు గెలిచిందో రాసుకున్న మ్యాట్రిక్స్ (గడుల పట్టిక) నుంచి, గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్ (R)లో లాండావ్ సూచిక లెక్కగట్టడం గురించి మొన్న రాశాను కదా. గుంపులో పై-కింది వరస ఎంత స్పష్టంగా ఉందో 0 నుంచి 1 వరకు చెప్పే సంఖ్య అది. ఆ విలువ 0.5 దాటితే ఆ గుంపులో ఆధిపత్య క్రమం (ఏది పైన, ఏది కింద అన్న వరస) ఉన్నట్టేనన్నాను. అది తప్పు.

1951లో లాండావ్ ఇచ్చిన సూత్రం ప్రకారమే, గెలుపోటములు బొమ్మాబొరుసులా పడినా సూచిక సున్నా దగ్గర ఆగదు. 3ని జంతువుల సంఖ్యకు ఒకటి కలిపి భాగిస్తే వచ్చేంత సగటున వస్తుంది. ఇరవై జంతువులుంటే దాదాపు 0.14, ఐదే ఉంటే సరిగ్గా 0.5! నేను గీసిన గీత చిన్న గుంపుల్లో యాదృచ్ఛికపు సగటే అన్నమాట.

ఇంకా ఇబ్బంది ఏమిటంటే, ఐదింటికి 10 జతలు, 1024 రకాల ఫలితాలు. వాటిలో 120 ఎక్కడా చిక్కు లేని పూర్తి వరసలు, అంటే పైనున్నది తన కిందున్న ప్రతిదానిపైనా గెలిచేవి. అంటే సూచిక 1 వచ్చినా, అది ఊరికే వచ్చే అవకాశం దాదాపు 12 శాతం. ఆరు జంతువులైతే అది 2.2 శాతానికి పడిపోతుంది. అందుకే ఆరుకంటే తక్కువ ఉన్న గుంపులో, ఊరికే వచ్చే అవకాశం 5 శాతం లోపు ఉండాలన్న మామూలు గీతతో చూస్తే, ఈ సూచికతో ఏదీ తేలదు.

అసలు ఎదురుపడని జతల గడుల్లో సున్నా ఉంటే దాన్ని సమఉజ్జీగా తీసుకోవచ్చని కూడా అన్నాను. అలా చేస్తే సూచిక తగ్గిపోతుంది. 1995లో డి వ్రీస్ ప్రతిపాదించిన పద్ధతి ఆ గడులను యాదృచ్ఛికంగా నింపుతూ వేలసార్లు లెక్కిస్తుంది. సూచికతోపాటు ఆ పద్ధతి ఇచ్చే పి-విలువ (అంత సూచిక ఊరికే వచ్చే అవకాశం) కూడా రాయండి. మొన్న నేనిచ్చిన ఐదు జంతువుల ఉదాహరణను పక్కన పెట్టేయండి.