ఊరు ఎక్కడుందని అడగకండి, దేనికి దగ్గరో అడగండి

హైదరాబాద్ శివార్లలో స్థలాలు అమ్మేవారికి ఏ విశ్వవిద్యాలయమూ భూగోళశాస్త్రంలో గౌరవ డాక్టరేట్ ఇవ్వకపోవడం ఘోరమైన అన్యాయం. చిన్నప్పుడు బడిలో మాస్టారు అక్షాంశాలూ రేఖాంశాలూ వల్లె వేయించి, ఏ ఊరైనా ఉన్నచోటే ఉంటుందని మనల్ని నమ్మించాడు. ఆ మూఢనమ్మకాన్ని వీళ్లు వచ్చి వదిలించారు. ఊరు ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. అది దేనికి దగ్గరో చెబితే చాలు, చెక్కుబుక్కు బయటకు వస్తుంది.

ఈ శాస్త్రం ఎదిగిన తీరు చూడండి. 1998లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక కొండాపూర్ హైటెక్ సిటీకి దగ్గరయింది. అంతకుముందూ అది అక్కడే ఉంది గాని, దగ్గరగా లేదు. తరువాత నల్లగండ్ల గచ్చిబౌలికి దగ్గరయింది. తెల్లాపూర్ నల్లగండ్లకు, కొల్లూరు తెల్లాపూర్‌కు, మోకిల కొల్లూరుకు, శంకర్‌పల్లి మోకిలకు దగ్గరయ్యాయి. ఇందులో ఎక్కడా ఎవరూ అబద్ధం చెప్పలేదని గమనించాలి. అటు ముంబయి హైవే మీద సంగారెడ్డిని ఆనుకుని సదాశివపేట, దాన్ని ఆనుకుని జహీరాబాద్ వరుసలో నిలబడ్డాయి. ఇదే లెక్కన పోతే మన మనవల కాలానికి బీదర్ కోట హైదరాబాద్ పాతబస్తీలోకి వచ్చేస్తుంది. కర్ణాటక ప్రభుత్వం ఇప్పటినుంచే ఒక కన్నేసి ఉంచడం మంచిది.

ఈ శాస్త్రానికి మూలగ్రంథం బ్రోచర్. అందులో నాలుగో పేజీలో పటం ఉంటుంది. నట్టనడుమ ఎర్రటి నక్షత్రం, అదే వెంచర్. దాని చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ముత్తైదువ చేతి గాజులా ముచ్చటగా, బంగారు రంగులో మెరుస్తుంటుంది. శంషాబాద్ విమానాశ్రయం బొటనవేలు ఆనించేంత దూరంలో ఉంటుంది. అంతర్జాతీయ పాఠశాలలు, గుండెకూ కీళ్లకూ వేర్వేరు ఆసుపత్రులు, నాలుగు ఇంజినీరింగ్ కాలేజీలు, సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు అన్నీ నక్షత్రం వైపే వంగి చూస్తుంటాయి. పటం అడుగున, కళ్లజోడు మార్చుకుంటే తప్ప కనిపించని అక్షరాల్లో, ఇది కొలతల ప్రకారం గీసింది కాదని ఒక ముక్క ఉంటుంది. బ్రోచర్ మొత్తంలో లాయరు రాసిన వాక్యం అదొక్కటే.

పక్కన నిమిషాల పట్టిక. విమానాశ్రయానికి 20 నిమిషాలు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు 15, ఔటర్‌కు 5. ఈ నిమిషాలు ఎవరు, ఎప్పుడు లెక్కపెట్టారని గొణిగేవాళ్లు ఉన్నారు. సంక్రాంతికి నగరం సగం ఖాళీ అయిన రోజున, తెల్లవారుజామున మూడింటికి, ఔటర్ మీద నుంచి దిగాల్సిన అవసరం లేని మనిషి ఎవరో లెక్కపెట్టి ఉంటాడని నా నమ్మకం. దిగితే సర్వీసు రోడ్డు ఉంటుంది, సర్వీసు రోడ్డు మీద ఎదురు దిశలో వచ్చే ఇసుక లారీ ఉంటుంది, ఆ తరువాత రైల్వే గేటు, ఆ తరువాత పొలం నుంచి తిరిగి వస్తున్న గేదెల మంద. గేదెల ప్రస్తావన ఏ బ్రోచర్‌లోనూ లేదు.

ఔటర్ లోపలి స్థలాలు మామూలు మనిషికి అందకుండా పోయాక అదృష్టవశాత్తూ రీజినల్ రింగ్ రోడ్డు, అంటే ట్రిపుల్ ఆర్, దొరికింది. సంగారెడ్డి, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి, చౌటుప్పల్ మీదుగా తిరిగి దక్షిణాన్ని చుట్టి వచ్చే దాదాపు 340 కిలోమీటర్ల రోడ్డు అది. రోడ్డు పడటానికి ముందే 'ట్రిపుల్ ఆర్ లోపల' అంటూ గజాల లెక్కన అమ్మకాలు సాగిపోయాయి. ఇంకా లేని దానికి లోపలి వైపున ఉండటం ఎలా సాధ్యమో అద్వైతులు శతాబ్దాల తరబడి వాదించుకున్నా తేల్చలేకపోయారు. మనవాళ్లు స్పాట్ రిజిస్ట్రేషన్‌తో తేల్చేశారు.

ఇక ఆదివారం సైటు చూపించే క్రతువు. కారు ఇంటికే వస్తుంది, ఖర్చు వాళ్లదే. హైవే దిగి రెండు మట్టి మలుపులు తిరగ్గానే ఆకాశాన్నంటే కమాను కనిపిస్తుంది. వెంచర్‌లో మొదట కట్టేది అదే. రోడ్డు, కాలువ, కరెంటు స్తంభాలు దాని వెనుక తీరిగ్గా వస్తాయి. కుతుబ్‌షాహీలు రాజధాని మొత్తానికి చార్మినార్ పక్కన నాలుగే కమాన్లు కట్టి చార్‌కమాన్ అని గొప్పగా చెప్పుకున్నారు. ఇప్పుడు ఒక్క షాద్‌నగర్ రోడ్డు మీద అంతకు ఎన్నో రెట్లున్నాయి. కమాను దాటితే రంగురంగుల జెండాలు, తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్లు, వాటి మీద ఎర్ర అంకెలు, దారికి అటూ ఇటూ మోకాలెత్తు కోనోకార్పస్ మొక్కలు. షామియానా కింద బిర్యానీ.

మా మేనమామ లెక్కల మాస్టారుగా పనిచేసి విరమించారు. పిల్లల బలవంతం మీద ఆయన ఒకసారి ఇలాంటి షామియానా కిందికి వెళ్లారు. మెడలో టై, చెమటకు తడిసిన చొక్కా వేసుకున్న కుర్రవాడు వినయంగా అన్నీ చూపించాడు.

"బాబూ, ఇక్కడ బోరు ఎంత లోతున పడుతుంది?"

"క్లబ్‌హౌస్‌లో ఈతకొలను ఇస్తున్నాం సార్."

"బాగుంది. దానిలోకి నీళ్లు?"

"ఓవర్‌హెడ్ ట్యాంకు కూడా ఇస్తున్నాం సార్."

"ఆ ట్యాంకులోకి?"

"సార్, బిర్యానీ చల్లారిపోతుంది. ముందు భోంచేయండి."

మామయ్య భోంచేశారు. బిర్యానీ బాగుందనే చెప్పారు. అంత వినయమున్న కుర్రవాడిని నిరాశపరచలేక టోకెన్ అడ్వాన్సు కూడా ఇచ్చి వచ్చారు.

కొన్నది అనుమతి ఉన్న లేఅవుటా కాదా అన్న సందేహం ముందు రావాలా, తరువాత రావాలా అన్నది మన సంస్కృతికి సంబంధించిన విషయం. తెలంగాణ ప్రభుత్వం 2020లో అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం ప్రకటిస్తే సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. వ్యక్తిగత దరఖాస్తుకు వెయ్యి రూపాయల రుసుము. ఇంతమంది ఒకే వేళ తాము కొన్నది ఏమిటో సర్కారును అడిగి తెలుసుకోవాలనుకోవడంలో పౌర చైతన్యం కనిపిస్తుంది. పెళ్లి సంబంధానికి ఏడు తరాలు ఆరా తీసే కుటుంబాలు స్థలం పాత యజమానుల లింకు డాక్యుమెంట్ల జోలికి పోకుండా మనిషి మీద నమ్మకం చాటుకుంటున్నాయి.

స్థలం అక్కర్లేదు, ఫ్లాటు చాలు అనుకునేవారి పరిస్థితి మరీ ఉన్నతం. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు గాని, ఎనిమిది ఫ్లాట్లు గాని దాటిన ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ రాకముందు అమ్మకూడదు సరికదా, ప్రకటన కూడా ఇవ్వకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. మన బిల్డర్లలో కొందరు చట్టాన్ని గౌరవించి ప్రకటన ఇవ్వరు. ఫోన్ చేసి, 'మీరు మావాళ్లు కాబట్టి' అంటూ ప్రీలాంచ్ ధర చెవిలో చెబుతారు. నూటికి నూరు శాతం ముందే కడితే చదరపు అడుగుకు ఇంత తగ్గింపు. ఫ్లాటు నాలుగేళ్ల తరువాత వస్తుంది, వచ్చేట్లయితే. ప్రస్తుతానికి అది పునాది తవ్వని నేలలో మనకు దక్కిన విడదీయని వాటా. ఆ నేల ఒక్కోసారి ఇంకా రైతు పేరు మీదే ఉంటుంది. రైతుకు కూడా అడ్వాన్సే ఇచ్చారు. ఇలా అందరూ అందరికీ కొంతకొంత ఇచ్చుకుని, ఎవరూ దేనికీ పూర్తి యజమాని కాని సమాజాన్ని నిర్మించడానికి కమ్యూనిస్టులు ఎన్ని దశాబ్దాలు కష్టపడ్డారో గుర్తు చేసుకోవాలి.

ఫ్లాటు ధర మీద మాత్రం అపోహలు ఉన్నాయి. చట్టం గోడల మధ్యలోని కార్పెట్ ఏరియా లెక్కన అమ్మమంటుంది. చేతికిచ్చే ధరల పట్టికలో సూపర్ బిల్టప్ దర్జాగా కూర్చుని ఉంటుంది. అంటే మెట్లలో, లిఫ్టు గుంతలో, వరండాలో, జనరేటర్ గదిలో, కాపలాదారు కేబిన్‌లో కూడా మీకు వాటా. తూర్పు ముఖమైతే అదనం. సూర్యుడు ఉదయించడానికి ఇప్పటివరకు ఏమీ తీసుకోలేదు, ఆ లోటు బిల్డర్ పూడ్చాడు. పార్కు వైపైతే అదనం, మూల ఫ్లాటైతే అదనం, ఐదో అంతస్తు దాటితే ఎక్కే ప్రతి అంతస్తుకూ అదనం. కట్టడంలో ఉన్న కోటి రూపాయల ఫ్లాటుకు 5 శాతం జీఎస్‌టీ అంటే 5 లక్షలు, స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం అంటే మరో 7.5 లక్షలు. కార్పస్ ఫండ్, కారు పార్కింగు, క్లబ్‌హౌస్ సభ్యత్వం వేరు. ఇన్ని కట్టాక గృహప్రవేశానికి పాలు పొంగించే గిన్నె ఎవరైనా కానుకగా ఇస్తే కళ్లు చెమర్చడం సహజం.

చెరువు కనిపించే ఇంటికి ఇంకాస్త ఎక్కువ. ఈ నగరానికి నీటితో ఉన్న అనుబంధం పాతది. 1908 సెప్టెంబరులో మూసీ ఉప్పొంగి వేల ప్రాణాలు తీసింది. మళ్లీ అలా కాకూడదని 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ రెండు జలాశయాల ఎగువ ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో నిర్మాణాలకు పగ్గం వేశారు. ఆ గ్రామాల్లో నేలకు చాలాకాలం రెండు ధరలు ఉండేవి. జీవో ఉన్నప్పటి ధర ఒకటి, 'వచ్చే నెలలో ఎత్తేస్తారట' అన్న ధర మరొకటి. ఆ వచ్చే నెల కోసం కొందరు తండ్రి కాలం నుంచి ఎదురు చూశారు.

మిగతా చెరువుల సంగతి మరీ సరళం. నిండినప్పుడు నీరు నిలిచే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. ఎండాకాలంలో ఆ హద్దు లోపల క్రికెట్ ఆడుకోవచ్చు, ప్లాట్లు కూడా గీయవచ్చు. వానాకాలంలో చెరువు తన పాత చిరునామా వెతుక్కుంటూ వచ్చి పార్కింగులో నిలబడుతుంది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి బుల్డోజర్లు బయలుదేరాక, అంతవరకు బాల్కనీ నుంచి చెరువు కనిపిస్తుందని బంధువులకు చూపించినవాళ్లు హడావుడిగా కర్టెన్లు వేసుకున్నారు. పంచాయతీ అనుమతి చూపించారు, రిజిస్ట్రేషన్ చూపించారు, ఇంటిపన్ను రసీదు, కరెంటు మీటరు చూపించారు. అనుమతి ఇచ్చింది ఒక శాఖ, పన్ను పట్టింది ఒక శాఖ, కూల్చడానికి వచ్చింది ఒక శాఖ. బ్యాంకుకు మాత్రం ఈ విషయాలు తెలియవు. ఇల్లు ఉన్నా లేకపోయినా ఐదో తారీఖున వాయిదా కోసుకుంటుంది. ఇది రాస్తున్నప్పుడు నా వ్యంగ్యం కాస్త తడబడుతోంది, ఆ కూలిన గోడల ముందు బీరువాతో కూర్చున్నవాళ్లు బ్రోచర్లు అచ్చు వేయలేదు కాబట్టి. వేసినవాళ్లు ఈపాటికి పక్క మండలంలో కమాను కడుతున్నారు.

ఇన్ని దాటి కాపురానికి చేరినవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. ప్రహరీ లోపల ఇటలీ పేర్లతో వీధులు, బయట బురద. ఉదయం ఆరింటికి నీళ్ల ట్యాంకర్ల వరుస, ఏడింటికి బడి బస్సుల వరుస, ఎనిమిదింటికి ఆఫీసు కార్ల వరుస. కూరగాయలు తెచ్చిన కుర్రవాడు గేటు దగ్గర ఫోటో దిగి, ఓటీపీ చెప్పి, సరుకుల లిఫ్టులో పైకి రావాలి. అతడి తాత ఒకప్పుడు ఇదే నేలలో వంకాయ తోట వేశాడన్న సంగతి గేటు యాప్‌లో నింపడానికి గడి లేదు.

ఒకసారి స్థిరపడ్డాక ప్రతి కాలనీకీ ఒక సత్యం బోధపడుతుంది. ఈ ప్రాంతం సరిగ్గా తాము వచ్చేంతవరకు అద్భుతంగా ఉండేది, తమ తరువాత వచ్చినవాళ్లే పాడు చేశారు. సంఘం సమావేశంలో మొదట గజం ధర ఎంత పెరిగిందో చెప్పుకుని ఆనందిస్తారు. తరువాత ఎదురుగా కొత్తగా వచ్చే టవర్‌ను ఖండిస్తారు. ఆ టవర్ బ్రోచర్‌లో నిమిషాల పట్టిక ఉంటుంది. అందులో విమానాశ్రయం కింద, ఔటర్ కింద, వీళ్ల కాలనీ పేరే ఉంటుంది, 2 నిమిషాలు అని.

శామీర్‌పేట వైపు ఒక కాలనీ పక్కన కోళ్లఫారం ఉండేది. కాలనీ పుట్టకముందు నుంచీ ఉంది. గాలి తిరిగిన రోజున వాసన వస్తుందని, ఈగలు ముసురుతున్నాయని సంఘం వారు మున్సిపాలిటీకి అర్జీ పెట్టారు, కాలుష్య నియంత్రణ మండలికి పెట్టారు, ప్రజావాణిలో నిలబడ్డారు. ఫారం యజమాని పెద్దమనిషి. ఆయన గేటు దగ్గరకు వచ్చి, "మీకంత ఇబ్బందిగా ఉంటే నేనెందుకు అడ్డం ఉంటాను సార్" అని చేతులు జోడించి, కోళ్లను అమ్మేసి, నేలను ఒక బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇచ్చి ఊళ్లోకి వెళ్లిపోయాడు. ఇప్పుడక్కడ ముప్పైరెండు అంతస్తులకు పునాది తవ్వుతున్నారు. రాళ్లు పేల్చిన ప్రతిసారీ కాలనీ కిటికీల అద్దాలు అదురుతున్నాయి, తూర్పు ముఖానికి అదనం కట్టినవాళ్లకు ఇక పది గంటలకు గాని ఎండ రాదు. మొన్నటి సర్వసభ్య సమావేశంలో సంఘం ఏకగ్రీవంగా ఒక తీర్మానం ఆమోదించింది: సదరు స్థలం చిరకాలంగా కోళ్ల పెంపకానికి నెలవైన వ్యవసాయ వారసత్వ ప్రాంతం కనుక, అక్కడ ఎలాంటి నిర్మాణానికీ అనుమతి ఇవ్వకుండా, యథాతథంగా కోళ్లను పునరుద్ధరించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.