మా బావమరిది చేతిలోంచి మైకు తీసుకున్న రోజు

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో పంచాంగ శ్రవణం అయ్యాక, ఊరి నుంచి వచ్చిన రాష్ట్ర నాయకుడికి శాలువా కప్పాం. ప్రశ్నలుంటే అడగమన్నారు. మా బావమరిది లేచాడు.

"సార్, ఇక్కడ ఆరేళ్లు పనిచేశాను. ప్రతి జీతంలో సోషల్ సెక్యూరిటీ, అంటే ఇక్కడి ప్రభుత్వ పింఛను కోసం, కోసుకున్నారు. వచ్చే వారం గుంటూరు వెళ్లిపోతున్నాను. ఆ డబ్బు సంగతేంటి?"

"మన రాష్ట్రం తరఫున అమెరికాతో ఒప్పందం చేసుకుంటాం తమ్ముడూ!" అన్నారాయన. హాలంతా చప్పట్లు. వాడు ఇంకేదో అడగబోతుంటే మన కార్యవర్గ సభ్యుడొకరు మైకు తీసేసుకుని, డాన్సు పిల్లలు రెడీగా ఉన్నారన్నారు. ఇంటికి వచ్చేదాకా కారులో వాడు ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ రాత్రి మా డైనింగ్ టేబుల్ మీద వాడి జీతం చీటీలు, అంటే పే స్టబ్‌లన్నీ పరిచి కూర్చున్నాం. జీతంలో 6.2 శాతం వాడిది, అంతే మొత్తం కంపెనీది. పింఛను రావాలంటే 40 క్రెడిట్లు (పనిచేసి సంపాదించినందుకు లెక్కలో పడే పాయింట్లు) కావాలి. ఏడాదికి నాలుగుకు మించి రావు కాబట్టి వాడివి 24. తండ్రికి పక్షవాతం రాకపోతే మిగతా నాలుగేళ్లు కూడా ఉండేవాడేమో.

వేదిక మీద ఇచ్చిన ఆ మాట నిలబెట్టుకునే అధికారం ఏ రాష్ట్రానికీ లేదు. విదేశాలతో ఒప్పందాలు మన రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో కేంద్ర జాబితాలో 14వ అంశం. ఒప్పందం అమలు కోసం, రాష్ట్రాల జాబితాలోని విషయం మీద కూడా పార్లమెంటు చట్టం చేయవచ్చని 253వ అధికరణ చెబుతుంది. ఇక్కడి రాజ్యాంగం కూడా అంతే, రాష్ట్రాలు ట్రీటీలు చేసుకోకూడదని మొదటి అధికరణలోనే రాసింది.

వేరే దేశానికి భూమి వదులుకోవాలంటే మన రాజ్యాంగాన్నే సవరించాలి. పశ్చిమ బెంగాల్లోని బెరుబారిలో కొంత భాగం పాకిస్తాన్‌కు ఇచ్చే విషయంలో సుప్రీంకోర్టు 1960లో చెప్పింది అదే. బంగ్లాదేశ్‌తో 1974లో కుదిరిన సరిహద్దు ఒప్పందం పూర్తిగా అమలు కావడానికి 2015లో నూరో సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. పింఛను లెక్కలకు అంత తతంగం అక్కర్లేదు. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం సంతకం చేయగలదు. జర్మనీ, ఫ్రాన్స్, బెల్జియంలతో చేసింది కూడా. ఇక్కడ ట్రీటీకైతే సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. రెండు దేశాల్లో పనిచేసిన కాలాన్ని కలిపి పింఛను లెక్కించే ఈ టోటలైజేషన్ ఒప్పందాలకు మాత్రం 1977 నాటి చట్టం వేరే దారి చూపించింది. అధ్యక్షుడు కాంగ్రెస్‌కు పంపుతాడు, సభ జరిగే 60 రోజుల్లో అభ్యంతరం రాకపోతే అమల్లోకి వస్తుంది.

మనతో ఈ ఒప్పందం ఇంకా కుదరకపోవడంలో అమెరికా వైపు మాటా వినాలి. అవతలి దేశపు పథకం జనంలో విస్తృతంగా అమలవుతూ ఉండాలని ఆ చట్టం అడుగుతుంది. మా నాన్న దగ్గర ముప్ఫై ఏళ్లు పనిచేసిన పాలేరుకు పీఎఫ్ అనే మాటే తెలియదు. మేమెవరమూ ఆ ఊసు ఎత్తలేదు. అది మన తప్పే.

కానీ నష్టం రెండు వైపులా ఉంది. అమెరికా పాస్‌పోర్టుతో హైదరాబాద్ వెళ్లి ఉద్యోగం చేసే మన పిల్లలకు, 2008లో తెచ్చిన నిబంధన ప్రకారం పూర్తి జీతం మీద పీఎఫ్ కోస్తారు, 58 ఏళ్లు వచ్చేదాకా సాధారణంగా చేతికి రాదు. (దాని మీద కోర్టుల్లో కేసులు నడిచాయి, అది వేరే కథ.)

అందుకే కార్యవర్గాన్ని చేతులెత్తి అడుగుతున్నాను. మనలో ఇక్కడ ఓటున్నవాళ్లం వందల మందిమి. మన కాంగ్రెస్ సభ్యుడికి, ఇద్దరు సెనేటర్లకు సంఘం తరఫున ఉత్తరం రాద్దాం. ఢిల్లీలో విదేశాంగ, కార్మిక శాఖలకు ఇంకొకటి రాద్దాం. వచ్చే ఉగాదికి శాలువాల తర్వాత పావుగంట ప్రశ్నలకే వదిలేయండి, ఎవరి మైకూ తీసుకోకండి. ఉత్తరాల చిత్తుప్రతి నేను రాసిస్తాను.

మా బావమరిది వెళ్తూ ఆ పే స్టబ్‌లన్నీ ఒక కవరులో పెట్టి నాకిచ్చాడు. "ఏమైనా తేలితే ఫోన్ చేయండి బావగారూ" అన్నాడు. కవరు నా బీరువాలో ఉంది.