నీళ్లు నమిలే ఇంధనం

ఇకనుంచి ఎవరూ పాచి అనకూడదు. సూక్ష్మశైవలం అనాలి. కాలు జారి నడుము విరిగినా సరే, "సూక్ష్మశైవలం మీద జారాను" అని మర్యాదగా మూలగాలి. రేపటి బండ్లన్నీ దాని దయతోనే నడుస్తాయట మరి!

పాచి నుంచి బండ్లకు ఇంధనంగా ఆల్కహాలు తీసే ఈ పథకం చాలా సులభం. క్లోరెల్లా అనే పచ్చటి కణానికి ఎండ, నీళ్లు, బొగ్గుపులుసు వాయువు, కాసిన్ని పోషకాలు చాలు. సాగుభూమి అడగదు, తిండిగింజలతో పోటీకి రాదు. (ఇది మాత్రం వ్యంగ్యం కాదు, నిజంగానే మెచ్చుకుంటున్నాను.) బాగా పెరిగాక నత్రజని ఆపేసి కడుపు మాడ్చాలి. హడలిపోయిన కణం ఎదుగుదల మానేసి పిండి పదార్థం దాచుకుంటుంది. దాని గోడ బద్దలుకొట్టి, ఆ పిండిని ఎంజైములతో చక్కెరగా మార్చి ఈస్టుకు వడ్డిస్తే ఆల్కహాలు వస్తుంది. చక్కెర తూకంలో మహా అయితే 51 శాతం. మిగతాది మళ్లీ ఆ బొగ్గుపులుసు వాయువే. అదీ ఈస్టు తన పొట్టకేమీ మిగుల్చుకోకపోతే. ఈస్టు అంత త్యాగమూర్తి కాదు.

చిక్కల్లా నీళ్లతోనే. చెరువులోంచి గాజుగ్లాసుతో ముంచి వెలుతురుకు ఎత్తి చూస్తే పచ్చగా నిగనిగలాడుతుంది, ఎంత సంపదో అనిపిస్తుంది. వడగట్టి ఆరబెడితే మిగిలేది చెంచా అడుగున ఒక మరక. లీటరుకు అర గ్రాము అనుకోండి. అందులో పిండి 40 శాతమని ఉదారంగా ఒప్పుకుని, ఎక్కడా రవ్వంత నష్టం లేదనుకుని లెక్క కట్టాను. లీటరు ఆల్కహాలుకు సుమారు 7,000 లీటర్ల చెరువు నీరు!

అందుకని ముందు సెంట్రిఫ్యూజులు గిరగిరా తిప్పి నీళ్లు తీస్తారు. ముద్ద చేతికొచ్చాక, ఎంజైములు ఈదాలి గనుక మళ్లీ నీళ్లు పోస్తారు. పులిశాక ఆల్కహాలు పిసరంత, నీళ్లు దండిగా ఉంటాయి గనుక మరిగించి మళ్లీ తీస్తారు. తూకంలో 95.6 శాతం ఆల్కహాలు అయ్యేసరికి మిగిలిన నీరు మొండికేస్తుంది. మామూలుగా ఎంత మరిగించినా చెయ్యి వదలదు. దాన్ని విడిపించడానికి వేరే ఏర్పాటు, వేరే ఖర్చు. ఇంత తీతకూ పోతకూ కరెంటు, ఆవిరి ఎక్కడివని అడగడం సభామర్యాద కాదు. అడిగితే నిపుణులూ నీళ్లే నములుతారు.

పాచి నుంచి నూనె తీయాలన్న పథకం దీనికి అన్నగారు. అమెరికా ఇంధన శాఖ 1978లో దాన్ని నెత్తికెత్తుకుని 1996లో నీళ్లొదిలింది. తమ్ముడు మాత్రం ఇంకా "త్వరలో" అంటూనే ఉన్నాడు.

నా వంతుగా నీళ్లు లేకుండానే పెరిగే పాచిని కనిపెట్టే ప్రతిపాదన ఒకటి రాసి ఉంచాను. నిధులు మంజూరు కావడమే తరువాయి. అట్ట మీద "మరో పదేళ్లలో" అని వేయించి, తేదీ మాత్రం వేయించలేదు. ఏటా మళ్లీ అచ్చు వేయించే ఖర్చు తప్పుతుంది.