గురజాడవారు పాడుచేసుకున్న భవిష్యత్తు

ప్రతి సెప్టెంబరు 21న గురజాడ అప్పారావుగారి పటానికి దండ వేసి పొగడడం మనకు అలవాటే గాని, రచయితగా ఆయన తన భవిష్యత్తును ఎంత అజాగ్రత్తగా పాడుచేసుకున్నారో నిలదీసిన పెద్దమనిషి ఒక్కడూ కనబడడు. అప్రియమైన ఆ బాధ్యతను, వేరే పనేమీ లేకపోవడం చేత, ఈ వ్యాసకర్త స్వీకరిస్తున్నాడు.

మొదటి పొరపాటు కుర్రతనంలోనే జరిగింది. 1862లో పుట్టిన అప్పారావుగారు ఇరవై ఏళ్ళు దాటీ దాటకముందే ఇంగ్లీషులో కవిత్వం రాశారు. సారంగధరుడి కథ మీద ఆయన రాసిన ఇంగ్లీషు కావ్యాన్ని కలకత్తాలో శంభుచంద్ర ముఖర్జీ తన పత్రికలో మళ్ళీ అచ్చు వేశారు. మనలో ఎవరికైనా కలకత్తా నుంచి అంతటి గుర్తింపు వచ్చి ఉంటే, ఆ కాగితానికి పటం కట్టించుకొని మిగిలిన జన్మంతా దాని కింద కుర్చీ వేసుకొని కూర్చునేవాళ్ళం. అయితే ముఖర్జీగారు, మాతృభాషలో రాసుకోవడం మేలని ఒక సలహా కూడా ఇచ్చారు. సలహా అన్నది విని తల ఊపడానికే తప్ప పాటించడానికి కాదని తెలియని అప్పారావుగారు దాన్ని పాటించారు.

ఇక కన్యాశుల్కం సంగతి. విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు 1892లో దాన్ని ఆడారు, 1897లో అది అచ్చయింది, జనం మెచ్చుకున్నారు. బుద్ధిమంతుడు అక్కడితో చేతులు దులుపుకొని రెండో నాటకం మొదలుపెడతాడు. ఈయన మాత్రం ఆ నాటకాన్నే విప్పి, పెంచి, దాదాపు కొత్తగా కట్టి 1909లో మళ్ళీ అచ్చు వేయించారు. పదిహేడేళ్ళూ ఒకే నాటకమా! ఆ వ్యవధిలో మన సమకాలికులు పదిహేడు పుస్తకాలు రాసి, పద్దెనిమిది సార్లు ఆవిష్కరింపజేసుకోగలరు.

పైగా ఆయన దగ్గర ఉన్న సరంజామా నవ్వడానికి పనికివచ్చేది కానే కాదు. విశాఖపట్నం జిల్లాలో డబ్బు పుచ్చుకొని చేసిన పెళ్ళిళ్ళ జాబితాను విజయనగరం మహారాజా ఆనందగజపతి తయారు చేయించగా, మూడేళ్ళలో జరిగినవి 1,034 అని తేలింది. వారిలో అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు ఆరుగురు. ఏడాది పసికూనలు ముగ్గురు, ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరం కుదిరేదని అప్పారావుగారే నాటకం ముందుమాటలో రాశారు. ఇన్ని అంకెలు చేతిలో ఉన్నప్పుడు ఒక నివేదిక సమర్పించి, దాని మీద ఒక సంఘం వేయించి, ఆ సంఘానికి తానే అధ్యక్షుడై ఉంటే ఎంత హుందాగా ఉండేది! అది మానేసి, నాటకంలో ఒక కుర్రాడికి ఆడపిల్ల వేషం వేయించి ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టారు. సొమ్ము చెల్లించినవాడికి చివరికి సరుకే దక్కకుండా చేయడం వర్తక ధర్మానికి ఎంత విరుద్ధమో ఎవరూ ఆలోచించరు.

కథల్లోనూ ఇదే వరస. 1910లో వచ్చిన దిద్దుబాటులో, ఆటపాటలకు మరిగి అర్ధరాత్రి ఇంటికి చేరిన భర్తకు భార్య కనబడదు, ఉత్తరం కనబడుతుంది. పాఠకుణ్ణి ఏడిపించాలంటే ఆవిడను ఏ నూతిలోనో వేయవలసిన ఘట్టమది. ఈయన ఆవిడను మంచం కింద కూర్చోబెట్టారు. భర్త పశ్చాత్తాపం ముదిరేసరికి అక్కడి నుంచి నవ్వూ గాజుల చప్పుడూ వినిపిస్తాయి. మొగుణ్ణి దిద్దడానికి ఇంత తక్కువ ఖర్చయితే సంస్కర్తలు ఏమై పోవాలి?

అన్నిటికంటే పెద్ద నేరం కమిటీలో చేశారు. మద్రాసు విశ్వవిద్యాలయంవారు తెలుగు వ్యాసరచన ఏ భాషలో సాగాలో తేల్చడానికి పిలిస్తే, అధిక సంఖ్యాకులు గ్రాంథికమన్నప్పుడు తానూ సంతకం పెట్టి, కాఫీ తాగి, దారిఖర్చులు పుచ్చుకొని రావడం సభ్యుడి ధర్మం. ఈయన వాడుకభాష పక్షాన 1914లో అసమ్మతి పత్రం రాశారు, అదీ ఒక పేజీ కాదు, పుస్తకమంత. ఆయనా గిడుగు రామమూర్తిగారూ అలా మొండికేయకపోయి ఉంటే ఈ వ్యాసం చదువరులకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, దానివల్ల వ్యాసకర్త గౌరవం ఎంతో పెరిగి ఉండేది.

మరుసటి ఏడాది నవంబరు 30న, బిల్హణీయం, కొండుభట్టీయం నాటకాలను సగంలో వదిలేసి, ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53. మన పద్ధతి ప్రకారం సన్మానాలకు అర్హత అప్పుడే మొదలవుతుంది.

భవిష్యత్తును ఎలా దిద్దుకోవాలో ఆయనకు తెలియదనడానికీ వీల్లేదు, ఎందుకంటే కన్యాశుల్కంలో గిరీశాన్ని సృష్టించినది ఆయనే. చదువు చెప్పకుండానే గురువు కావడం, మధురవాణి ఇంట్లో మకాం పెట్టి వేశ్యావృత్తిని ఖండించడం, అభిప్రాయాలు మార్చుకోనివాడు రాజకీయాలకు పనికిరాడని గ్రహించడం, ఇవన్నీ తెలిసిన పాత్రను చేతిలో ఉంచుకొని, ఆఖరి రంగంలో సౌజన్యారావు పంతులు చేత గుమ్మం దాటించారు. ఆ తరువాత గిరీశం ఏమైపోయాడో రాయలేదు. కిందటి సెప్టెంబరులో జయంతి సభకు వెళ్ళి మూడో వరసలో కూర్చున్న నాకు ఆ లోటు తీరింది. ఆయన శాలువా సవరించుకొని, మైకు తట్టి, ఉపన్యాసం ఇంగ్లీషులో ప్రారంభించారు.